గుండెయు – దిగులుజబ్బును

తెలుగులో దుఃఖమునకు గుండెయే నెలవు. “గుండె బరువెక్కినది”, “గుండె చెరువైనది” అని మనము నిత్యము పలుకుచుందుము. ఈ నుడికారమున కొంత శాస్త్రసత్యమును కలదు.

పరీక్ష తప్పిన బాలుని దిగులు కొన్నాళ్లకు తీరును. రెండు వారములు, ఆపైని ప్రతిదినము మనస్సు క్రుంగి, నిద్రాహారములు చెడి, ఏ పనియందును ఆసక్తి లేకున్నచో దానిని వ్యాధిగా నెంచవలయును. వైద్యులు దీనిని డిప్రెషన్ అందురు. మన చెన్నపట్టణమున 25,455 మందిని విచారించి 2009లో ప్రకటించిన పరిశోధనయందు నూటికి 15 మందిలో దీని లక్షణములు కానవచ్చినవి.

ఈ వ్యాధి గలవారికి గుండెపోటు భయము ఇతరులకంటె హెచ్చు. మనోవ్యథచే రక్తపుపోటు పెరుగును. రక్తము గడ్డకట్టు గుణము హెచ్చును. రోగి నడక మానును, పొగత్రాగుట మానలేడు, వేళకు మందులు వేసికొనడు.

మరి దిగులుమందులు గుండెకు చేటా? 1957లో వెలుగులోనికి వచ్చిన ఇమిప్రమిన్ వంటి పాతమందులు గుండె లయను చెరుపగలవు. నాటి భయమే నేటి మందులకును అంటుకొన్నది. కాని సెర్ట్రలిన్ అను మందును గుండెజబ్బుతో ఆసుపత్రి పాలైనవారికే యిచ్చి చూచి, గుండెకు హాని కానరాలేదని 2002లో ప్రకటించిరి. కొరియాలో అట్టి రోగులు 300 మందిలో కొందరికి ఎస్సిటలోప్రామ్‌ను, కొందరికి మందులేని మాత్రను 24 వారములిచ్చి, సుమారు ఎనిమిదేండ్లు గమనించిరి. మరణముగాని, మరల గుండెకు ఆపదగాని కలిగినవారు మొదటి వర్గమున నూటికి 41, రెండవ వర్గమున 54 అని 2018లో తెలిపిరి. అయినను ఒక్క పరిశోధనతో అంతయు తేలదు. కొన్ని మందులు మోతాదు మించినచో లయను మార్చును. ఆస్పిరిన్‌తో కలిసినప్పుడు రక్తస్రావ భయము పెరుగును.

కావున తలిదండ్రులకు మేము మనవి చేయునదేమనగా: లోకులకు వెరచి ఈ మాత్రలను గుండె వైద్యునికడ దాచకుడు. మీయంతట మీరు హఠాత్తుగా మానకుడు. తమిళమున చెప్పుకొన మాట చాలనిచో చదువుకొన్న బిడ్డను వెంట గొనిపొండు. 14416 అను టెలీ మానస్ నంబరునకు తెలుగుననే మాటలాడవచ్చును. రొమ్మునొప్పి వచ్చినచో “ఇది దిగులే” యని తలపక వెంటనే 108కి ఫోను చేయుడు.

విద్యార్థులారా! ఇంట నొకరు మందు వేసికొనుచున్నచో పరిహసింపకుడు, వేళకు గుర్తుచేయుడు.

ప్రశ్నలు:
1. దిగులునకును దిగులుజబ్బునకును భేదమెట్టిది?
2. వాడుచున్న మందులన్నియు ఇరువురు వైద్యులకును ఏల తెలుపవలయును?