ట్రాన్స్‌జెండర్ల హక్కులు: తేదీలు, సెక్షన్లు, పథకాలు

నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) తీర్పు: 2014 ఏప్రిల్ 15, సుప్రీంకోర్టు. ‘తృతీయ లింగం’గా గుర్తింపు. ధర్మాసనం: జస్టిస్ కె.ఎస్.రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె.సిక్రి. ఆధారం: ఆర్టికల్స్ 14, 15, 16, 19(1)(ఎ), 21.

హక్కుల పరిరక్షణ చట్టం, 2019: రాష్ట్రపతి ఆమోదం 2019 డిసెంబర్ 5, అమలు 2020 జనవరి 10. పరీక్షల్లో ఈ రెండు తేదీలతో తికమక పెడతారు, జాగ్రత్త.

మూల చట్టంలోని కీలక సెక్షన్లు
- సెక్షన్ 12: ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదు. మినహాయింపు: బిడ్డ మేలు కోసం కోర్టు ఉత్తర్వు. ఇంట్లో నివసించే హక్కూ ఇక్కడిదే. కుటుంబం సాకలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపుతుంది. (తరచూ అడిగే బిట్)
- సెక్షన్ 15: ప్రత్యేక హెచ్ఐవీ నిఘా కేంద్రాలు, లింగమార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్, బీమా.
- సెక్షన్ 16: జాతీయ మండలి. ఛైర్‌పర్సన్: కేంద్ర సామాజిక న్యాయ శాఖ మంత్రి.
- సెక్షన్ 18: ట్రాన్స్‌జెండర్లపై నేరాలకు 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, జరిమానా.

పథకాలు
- స్మైల్ (జీవనోపాధి, పునరావాస పథకం): ప్రారంభం 2022 ఫిబ్రవరి 12.
- గరిమా గృహ్: ఆశ్రయం, భోజనం, వైద్యం, నైపుణ్య శిక్షణ.
- ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్: ఏడాదికి రూ.5 లక్షల బీమా.

ఆరోగ్యం: డబ్ల్యూహెచ్‌వో ఐసీడీ-11 (అమలు 2022 జనవరి 1) ట్రాన్స్‌జెండర్ గుర్తింపుకు సంబంధించిన అంశాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించి, లైంగిక ఆరోగ్య అధ్యాయంలో చేర్చింది.

తెలుగు రాష్ట్రాలు
- 2011 జనగణన ‘ఇతరులు’: దేశంలో 4.88 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769.
- 1329 ఫసలీ (1919) నాటి తెలంగాణ యూనక్స్ చట్టం: 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేత.
- 2021: హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల వైద్యానికి మిత్ర్ క్లినిక్ ప్రారంభం.