నాగమ్మ కథ ఎవరు చెప్పారు?

పల్నాటి ఊళ్లలో ఆడమనిషి కాస్త గట్టిగా మాట్లాడితే, "అబ్బో! నాయకురాలు నాగమ్మ బయలుదేరింది" అనడం ఉంది. అది మెచ్చుకోలు కాదు. ఎత్తిపొడుపు. నాగమ్మ చనిపోయి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఆమె పేరు ఇంకా తిట్టుగానే నిలిచింది. ఎందుకు? కథ పాడినవాళ్లు, కావ్యం రాసినవాళ్లు, నాటకం ఆడినవాళ్లు ఆమెను అలా చూపించారు.

ముందు కథ చూద్దాం.

12వ శతాబ్దంలో పల్నాడును నలగామరాజు ఏలేవాడు. గురజాల ఆయన రాజధాని. ఆయన తమ్ముడు మలిదేవరాజు. ఇద్దరి తల్లులు వేరు. అన్న దగ్గర నాగమ్మ మంత్రి. తమ్ముడి పక్షాన బ్రహ్మనాయుడు మంత్రి. నాగమ్మ కరీంనగర్ వైపు నుంచి వచ్చిందని చెబుతారు. చిన్నతనంలోనే భర్త పోయాడట. మేనమామ ఊరు జిట్టగామాలపాడులో పెరిగింది. ఆ ఊరే ఇప్పటి గామాలపాడు. అది దాచేపల్లి మండలంలోనే ఉంది. అంటే నాగమ్మ మన పక్క ఊరి ఆడపడుచే అన్నమాట. రాజుగారు వేటకు వచ్చి అలసిపోతే ఆమె ఆదరించిందట. ఆయన మెచ్చి వరం ఇచ్చాడట. ఆ వరంతో ఆమె మంత్రి పదవికి ఎక్కిందని కథ.

అన్నదమ్ములు రాజ్యం పంచుకున్నారు. తమ్ముడు మాచర్లకు వెళ్లాడు. తరవాత కోడిపందెం వచ్చింది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలని పందెం. మాచర్లవాళ్లు ఓడారు, దేశం వదిలి పోయారు. గడువు తీరాక తమ భాగం తమకు ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. రాయబారానికి వచ్చిన అలరాజుకు విషం పెట్టి చంపారు. ఇక యుద్ధం తప్పలేదు. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రెండు పక్షాలూ తలపడ్డాయి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు పడుచువాడు. అతనూ ఆ పోరులోనే పోయాడు. ఎన్ని ఇళ్లలో దీపం ఆరిందో లెక్క లేదు.

ఈ కథను మొదట కాగితం మీద రాయలేదు. పాడారు. పాడేవాళ్లను వీరవిద్యావంతులు అంటారు. చేత కత్తి పట్టి, వాయిద్యాల నడుమ రాత్రంతా నిలబడి పాడతారు. వింటున్నవాళ్లు కంటనీరు పెట్టుకుంటారు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల పేర్లు కూడా కథలోవే. ఒకరోజు రాయబారం. ఒకరోజు మందపోరు. ఒకరోజు కోడిపోరు. ఆఖరు రోజు కల్లిపాడు. చదువురాని అమ్మమ్మలకు ఈ కథంతా నోటికి వచ్చేది ఇలాగే. అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను జీన్ రోగేర్ అనే అమెరికా పండితుడు రికార్డు చేసుకున్నాడు. ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా అచ్చు వేయించాడు. పల్నాటి పాట సముద్రం దాటి పోయింది.

కాగితం మీదికి తెచ్చిన కవి శ్రీనాథుడని చెబుతారు. ఆయన సుమారు ఆరు వందల ఏళ్ల కిందటివాడు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో పెద్ద ఉద్యోగం చేశాడు. మంచి భోజనం, మంచి బట్ట అంటే ఇష్టపడే మనిషి. పల్నాడు వచ్చి ఇక్కడి రాళ్లు చూసి, జొన్నకూడు తిని, నీళ్లు దొరకక విసుక్కున్నాడట. ఆ విసుగుతో ఎగతాళి పద్యాలు కూడా చెప్పాడంటారు. అయినా ఈ నేల వీరుల కథనే రాశాడు. దాని పేరు 'పల్నాటి వీరచరిత్ర'. అందులో మనకు ముఖ్యంగా దొరికింది బాలచంద్రుడి యుద్ధం భాగమే.

శ్రీనాథుడు దాన్ని ద్విపదలో రాశాడు. ద్విపద అంటే రెండు పాదాల పద్యం. పాదం అంటే పద్యంలో ఒక వరుస. రెండు వరుసలు ఒక జత. జతలు జతలుగా ఎంత దూరమైనా సాగుతుంది. పాడుకోవడానికి తేలిక. మిరపకోతలో ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా. ద్విపద కూడా అలాగే నోటికి అందుతుంది. అందుకే కొందరు పండితులు దాన్ని చిన్నచూపు చూశారు. అందరికీ అర్థమైతే గొప్ప ఏముంది అనుకున్నారు కాబోలు! రాజుల కొలువులో పెద్ద పద్యాలు చెప్పిన కవి, ఊరి కథకు ఊరివాళ్ల నోటికి వచ్చే పద్యాన్నే ఎంచుకున్నాడు. ఈ కావ్యం చాలాకాలం తాటాకుల మీదే ఉండిపోయింది. పల్నాటి పండితుడు అక్కిరాజు ఉమాకాంతం గారు దాన్ని పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు.

తరవాత నాటకాలు వచ్చాయి. కావ్యంలో కవి కథ చెబుతాడు. నాటకంలో కవి కనపడడు. పాత్రలే మాట్లాడతాయి. నాగమ్మ మాట నాగమ్మే అంటుంది. అందువల్ల చెడ్డదని పేరుపడిన మనిషికి కూడా నాటకంలో నోరు ఉంటుంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఈ కథ మీద నాటకం రాసి, దానికి 'నాయకురాలు' అనే పేరు పెట్టారు. బ్రహ్మనాయుడి పేరు కాదు, బాలచంద్రుడి పేరు కాదు. ఆయన 1877లో పుట్టారు. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు ఆయన సొంత ఊరు. పల్నాటి పుల్లరి ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. అడవిలో పశువులు మేపుకున్నందుకు సర్కారు వేసిన పన్నే పుల్లరి. జైలులో కూర్చుని 'మాలపల్లి' నవల రాశారు. తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గారు. ఆడవాళ్ల చదువు కోసం గుంటూరులో 1922లో శారదా నికేతనం పెట్టారు. ఆమె గురించి పుస్తకాల్లో రెండు ముక్కలతో సరిపెడతారు. నిజానికి ఒక పాఠమంతా రాయదగిన మనిషి.

ఆ రోజుల్లో ఇంకో విచిత్రం ఉంది. నాటకాల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం వేస్తే జనం విరగబడి చూసేవారు. చీర కట్టు, నడక, వాలుచూపు అన్నీ అచ్చం ఆడమనిషివే. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభకు వంక పెట్టలేం. కానీ ఒకటి గమనించండి. ఆడదాని మాట రాసింది మగవాడు. పలికింది మగవాడు. ముందు వరసలో కూర్చుని చూసిందీ మగవాళ్లే. సినిమా వచ్చాక ఇది కొంత మారింది. 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ గారు, 1966 నాటి సినిమాలో భానుమతి గారు నాగమ్మగా నటించారు.

ఇప్పుడు మళ్లీ కథకు వద్దాం. కోడిపందెం ఒక్క నాగమ్మే ఆడలేదు. బ్రహ్మనాయుడూ ఆడాడు. రాజ్యాన్ని కోడికాలికి కట్టిన తప్పు ఇద్దరిదీ. మరి ఆయన్ను జనం దేవుడిలా కొలుస్తారు, ఆమెను తిడతారు. ఆయనకు మంచిపేరు ఊరికే రాలేదు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. దాన్నే చాపకూడు అంటారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడు. ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. అలరాజు చావు నేరం నాగమ్మ మీద పడింది. దాన్ని దాచక్కర్లేదు. కానీ భర్త లేని పల్లెటూరి ఆడమనిషి, రాజవంశంలో పుట్టనిది, ఒక రాజ్యానికి మంత్రి అయింది. యుద్ధంలో సేనను నడిపింది. ఇదీ అదే కథలో ఉంది. తిట్టేటప్పుడు ఈ సగం ఎవరూ గుర్తు చేయరు.

వీరుల గుడి దగ్గర పాడేది ఆ వీరుల కథ. ఆ వీరులు బ్రహ్మనాయుడి పక్షంవాళ్లు. కాబట్టి పాట వాళ్లవైపే మొగ్గుతుంది. గురజాలవాళ్లు తమ కథ పాడించుకుని ఉంటే ఎలా ఉండేదో! అందుకే ఏ పద్యం చదివినా, ఏ నాటకం చూసినా రాసినదెవరు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగాలి.

మీరు చేయవలసిన పని:

మీ ఇంట్లో గానీ, వాడలో గానీ పెద్దామె ఎవరైనా ఉంటే నాగమ్మ కథ చెప్పమనండి. మధ్యలో అడ్డు రావద్దు. విన్నది విన్నట్టు నోటుబుక్కులో పది వాక్యాలు రాయండి. ఆమె నాగమ్మను ఏ మాటలతో పిలిచిందో ఆ మాటల కింద గీత గీయండి. కింద ఆమె పేరు, ఊరు, తేదీ వేయండి. ఆ తరవాత, "నేనెందుకు అలా చేశానంటే..." అని నాగమ్మే మొదలుపెట్టినట్టు నాలుగు మాటలు రాసి కేంద్రంలో అందరి ముందు చదవండి.