తలకు దెబ్బ తగిలాక మళ్ళీ బండి ఎక్కేదెప్పుడు?



క్రిందటి ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం మన విచారణకు చెందిన ఒక సోదరి వచ్చి వరండాలో కూర్చొన్నది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు నోరు విప్పి, "ఫాదర్ గారండీ, ఆయన ఆటో ముట్టుకోవడం లేదండి. గాయం మానిపోయింది. స్కానింగులో ఏమీ లేదన్నారు. అయినా మెయిన్ రోడ్డు కనబడితే చాలు, చేతులు వణుకుతున్నాయి. మా మామగారేమో పిరికివాడివంటున్నారు. మా అమ్మేమో గాలి సోకిందంటున్నది. ఫైనాన్సు వాళ్ళు రెండుసార్లు ఇంటికి వచ్చి వెళ్ళారు" అన్నది.

మామగారు చెప్పినదీ తప్పే, అమ్మ చెప్పినదీ తప్పే. అయితే ఇలాంటి మాటలు మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో వినబడుతున్నాయో నాకు తెలుసు. రోడ్డు ప్రమాదం నుండి బ్రతికి బయటపడినవాడు మళ్ళీ హ్యాండిల్ పట్టుకోలేకపోతే, ఆ బాధకు మన దగ్గర పేరు లేదు. పేరు లేని బాధను జనం పిరికితనమనో, దయ్యమనో అంటారు. అందుచేత ఈ వారం దీనిని గురించి కొంచెం వివరంగా చెప్పుకొందాం.

ఆ సోదరుని ఆటోను ప్రక్క సందులోనుండి వచ్చిన మోటారు సైకిలు గుద్దింది. అతని తల ఆటో ఇనుప కమ్మీకి తగిలింది. స్పృహ తప్పలేదు. కాని ఆ తరువాతి పది నిమిషాలలో ఏం జరిగిందో అతనికి గుర్తు లేదు. దీనినే డాక్టర్లు కంకషన్ అంటారు, అంటే మెదడు అదరడం. మెదడు పుర్రెలో బిగించిన వస్తువు కాదు. నీళ్ళవంటి ద్రవంలో తేలియాడే మెత్తని పదార్థం. తలకు గట్టి కుదుపు తగిలితే అది లోపల ఊగిపోతుంది. దానిలోని కణాలు పని చేసే తీరు కొంతకాలం తారుమారవుతుంది. స్పృహ తప్పకపోయినా ఇది జరుగుతుంది.

మరి స్కానింగులో ఎందుకు కనబడదు? స్కానింగు ఇంటి గోడలు పగిలినవా, నీరు కారుతున్నదా అని చూడగలదు. ఇంట్లో కరెంటు సరిగా వస్తున్నదా అన్నది చూడలేదు. "స్కానింగు నార్మల్" అంటే రక్తం గడ్డ కట్టలేదు, ఎముక విరగలేదు అని అర్థం. అది సంతోషించవలసిన మాటే. అంతమాత్రాన రేపటినుండి బండి నడపవచ్చునని కాదు. చాలామందికి కొద్ది వారాలలో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం తలనొప్పి, కళ్ళు తిరగడం, మరుపు, చిరాకు, నిద్ర పట్టకపోవడం నెలల తరబడి ఉంటాయి.

బండి నడపడం మనకు అలవాటైపోయింది కనుక అది ఎంత పెద్ద పనో తెలియదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటో ఒక్క సెకనుకు 11 మీటర్లు ముందుకు పోతుంది. దెబ్బ తిన్న మెదడు బ్రేకు వేయడానికి అర సెకను ఎక్కువ తీసికొన్నదనుకొందాం. బండి అదనంగా ఐదున్నర మీటర్లు పోతుంది. రెండు ఆటోలను ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టినంత దూరం! ఆ దూరంలో ఒక స్కూలు పిల్లవాడు ఉండవచ్చు.

ఇక కళ్ళు, చెవులు. చెవి అంటే వినడానికే అనుకొంటాము గాని, లోచెవిలో మన నిలకడను కాపాడే భాగం ఒకటున్నది. మనం తల ఒక ప్రక్కకు తిప్పినప్పుడు అది కళ్ళను రెండవ ప్రక్కకు తిప్పి, దృశ్యం చెదరకుండా నిలుపుతుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు ఈ పొందిక చెడిపోవచ్చు. అప్పుడు వెనుక వచ్చే లారీని చూద్దామని తల తిప్పితే రోడ్డంతా ఈదుతున్నట్లుంటుంది. ఇరుప్రక్కల చెట్లు, ఎదురు వచ్చే లైట్లు, బజారులో జనం తట్టుకోలేని గందరగోళంగా ఉంటాయి. ఇంకొకటి: లోచెవిలోని సన్నని సున్నపు రేణువులు దెబ్బకు చోటు తప్పవచ్చు. పడుకొని ప్రక్కకు తిరిగితే ఇల్లంతా గిర్రున తిరిగి, నిమిషంలోపే ఆగిపోతే అది కావచ్చు. దానికి మాత్రలు మ్రింగుతూ కూర్చోనక్కరలేదు. తెలిసిన డాక్టరు తలను ఒక పద్ధతిలో త్రిప్పి, చాలాసార్లు ఒకటి రెండు సిట్టింగులలోనే సరిచేయగలడు. ఈ సంగతి తెలియక నెలల తరబడి మంచం పట్టినవారున్నారు.

ఇంతవరకు దెబ్బ సంగతి. భయం సంగతి వేరు. దానిని గురించి నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక పల్లెనుండి తిరిగి వస్తూ కాలువ గట్టు మీద గేదె అడ్డం వచ్చి బండి మీదనుండి పడ్డాను. హెల్మెట్టు పెట్రోలు ట్యాంకు మీద ఉన్నది, తల మీద లేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే. మూడు వారాలకు తలనొప్పి, తల తిరుగుడు పూర్తిగా పోయాయి. అయినా పల్లెకు పోవలసిన రోజున ఏదో ఒక సాకు చెప్పి ఉపదేశి గారి బండి వెనుక కూర్చొనేవాడిని. ఆ మలుపు వస్తున్నదనగానే చొక్కా తడిసిపోయేది.

ఈ రెంటినీ వేరుచేసి చూడడం ముఖ్యం. దెబ్బ వలన వచ్చే ఇబ్బంది బండి ఎక్కకపోయినా ఉంటుంది. పేపరు చదివితే తలనొప్పి, సంతలో నడిస్తే కళ్ళు తిరగడం, సెల్‌ఫోను చూస్తే అలసట. పని సాగేకొద్దీ అది పెరుగుతుంది. భయం అలా కాదు. బండి ఎక్కకముందే, తలచుకొంటేనే వస్తుంది. ఫలానా మలుపు దగ్గర వస్తుంది. "ఈరోజు వెళ్ళనులే" అనుకోగానే పోతుంది. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. తల కొంచెం తిరగగానే గుండె దడ, దడ పుట్టగానే గబగబ ఊపిరి, ఆ ఊపిరికి మళ్ళీ తల తిరగడం, వేళ్ళు తిమ్మిరెక్కడం.

ఎందుకింతగా వేరుచేయమంటున్నానంటే, ఒకదాని మందు రెండవదానికి విషం. మానని దెబ్బను ధైర్యంతో జయిస్తానని రోడ్డెక్కితే ప్రాణాలు పోతాయి. మిగిలిపోయిన భయాన్ని విశ్రాంతితో పోగొట్టుకొందామని ఇంట్లో కూర్చొంటే అది నానాటికి పెరుగుతుంది. సెమినరీలో అరిస్టాటిల్‌ను చదివేటప్పుడు, ధైర్యం పిరికితనానికీ దుడుకుతనానికీ నడుమ ఉంటుందని, భయపడవలసిన దానికి భయపడడం కూడా ధైర్యంలో భాగమేనని నేర్చుకొన్నాం. పరీక్షకోసం కంఠస్థం చేసిన ఆ మాట కాలువ గట్టు మీద పడిన తరువాతే నాకు అర్థమైంది.

ఆ సోదరుని కోసం ప్రార్థన చేశాను. చేసి, నరాల డాక్టరు దగ్గరకు పంపించాను. మొదటి ఒకటి రెండు రోజులే విశ్రాంతి ముఖ్యమని, ఆపైన చీకటి గదిలో పడుకోబెట్టడం మేలు చేయదని డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రీడాకారుల కంకషన్‌పై జరిగిన అంతర్జాతీయ సమావేశం కూడా ఇదే నిర్ణయించింది. మెల్లగా నడక మొదలుపెట్టాలి. మద్యం ముట్టరాదు. నిద్రమాత్రలు, తల తిరుగుడు మాత్రలు కొన్ని మత్తు కలిగిస్తాయి గనుక, అవి వేసికొంటూ బండి నడపవచ్చునా అని డాక్టరును అడిగి తీరాలి. డాక్టరు సరేననేవరకు హ్యాండిల్ పట్టరాదు. తన అనారోగ్యం ఇతరులకు ప్రమాదమని తెలిసీ రోడ్డు మీద బండి నడపడం 1988 మోటారు వాహనాల చట్టం 186వ సెక్షను ప్రకారం నేరం కూడా.

మరి తిండి ఎలా? అతని ఆటోను రోజు కిరాయికి బావమరిదికి ఇప్పించాము. ఫైనాన్సు వారికి డాక్టరు చీటీ జతచేసి గడువు కోరుతూ అర్జీ వ్రాశాము. రెండు నెలల గడువు దొరికింది.

డాక్టరు అనుమతించిన తరువాత మెట్లు మెట్లుగా సాగాడు. మొదట ఆగి ఉన్న ఆటోలో కూర్చొని ఇంజను వినడం. తరువాత బావమరిది నడుపుతుంటే వెనుక కూర్చోవడం. తరువాత తెల్లవారుజామున ఖాళీ మైదానంలో పది నిమిషాలు. తరువాత తోడు మనిషితో, ప్రయాణీకులు లేకుండా, పగటిపూట చిన్న వీధులు. ప్రతి మెట్టు దగ్గర భయం సగానికి సగం తగ్గేవరకు ఆగాలి, రోజులు లెక్కపెట్టకూడదు. తలనొప్పి కొంచెం పెరిగి గంటలో తగ్గితే పరవాలేదు. మరునాటి వరకు ఉంటే ఒక మెట్టు క్రిందికి దిగాలి. దారిలో గుండె దడ వస్తే సిగ్నలు వేసి ప్రక్కకు ఆపి, ఊపిరి తీసికొన్న దానికంటే నెమ్మదిగా వదలాలి. ఆ దడ ఒక ఎత్తుకు పోయి దానంతట అదే దిగుతుంది. దిగకముందే ఇంటికి తిరిగిపోతే, ఇంటికి వచ్చినందువల్లే బ్రతికానని మనసు నేర్చుకొంటుంది. తల తిరుగుతుంటే మాత్రం సంగతి వేరు. ఆ రోజుకు తోడు మనిషి చేతికి బండి ఇచ్చేయాలి.

నెల దాటినా ప్రమాదం కలలోకి వస్తుంటే, కళ్ళముందు కదులుతుంటే, మానసిక వైద్యుని చూడాలి. దీనికి సిగ్గెందుకు? 2022 నుండి ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

దెబ్బ తగిలిన కొత్తలో మాత్రం ఇంకొక జాగ్రత్త. తలనొప్పి గంట గంటకు పెరిగినా, మాటిమాటికి వాంతులైనా, ఫిట్సు వచ్చినా, ముక్కునుండో చెవినుండో పలుచని నీరు కారినా, మాట ముద్దగా వచ్చినా, లేపితే లేవకపోయినా ఈ వ్యాసం చదువుతూ కూర్చోకండి. 108కి ఫోను చేయండి.

ఇంటివారికి ఒక మాట. "ఎప్పుడెక్కుతావు?" అని రోజూ అడగకండి, "ఇక జన్మలో ఎక్కవద్దు" అని ఒట్టు కూడా పెట్టించకండి. ఆ మామగారు పిరికివాడనడం మానుకొని, ఒక తెల్లవారుజామున కొడుకు ప్రక్కన మైదానంలో కూర్చొన్నారు. అది నా సలహా కాదు, ఆయనకే తోచింది. ప్రమాదం జరిగిన సందు ముందుగా మొదటిసారి వెళ్ళిన రోజున కూడా ఆటోలో ఆయనే ఉన్నారట.

ఇప్పుడా సోదరుడు బస్టాండుకూ రైల్వే స్టేషనుకూ నడుమ పగటి ట్రిప్పులు వేస్తున్నాడు. రాత్రిపూట ఎదురు లైట్లకు ఇంకా కళ్ళు చెదురుతున్నాయట. ఎనిమిది దాటితే ఆటోను బావమరిదికి ఇచ్చి ఇంటికి పోతున్నాడు.