45 రోజుల్లో పైథాన్ వచ్చేస్తుందా?

హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్‌లో ఒక్క స్టేషన్ దూరం కదా అని హఫీజ్‌పేట్‌లో గది చూసిపెట్టి, పైథాన్, డేటా సైన్స్, జెన్ ఏఐ కోర్సులు వరసగా చేయిస్తే ఏదో ఒకదానికి ఉద్యోగం తగలకపోదని తల్లిదండ్రుల లెక్క. ఈ లెక్క తప్పు. పైథాన్ మొదలుపెట్టడం తేలిక కాబట్టే రాసేవాళ్లకు కొదవ లేదు; లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగేవాళ్లే తక్కువ.

ఒక్క విషయం చూడండి. పైథాన్‌లో ఫంక్షన్ కూడా ఆబ్జెక్టే. నీ పేరేమిటి, ఏ ఆర్గ్యుమెంట్లు తీసుకుంటావని ప్రోగ్రామ్ నడుస్తుండగానే దాన్ని అడగొచ్చు. 2012లో వచ్చిన 3.3 వెర్షన్ నుంచి ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని సిగ్నేచర్ చేసే పని ఇదే. రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ అడిగితే ఆలస్యం కాబట్టి ఫాస్ట్ఏపీఐ లాంటి ఫ్రేమ్‌వర్కులు రూట్ నమోదయ్యేటప్పుడే అడిగి దాచుకుంటాయి. ఇంతవరకు ఏ వీడియో అయినా చెబుతుంది. దాచేటప్పుడు కీ ఏది పెట్టాలన్న దగ్గరే అసలు పరీక్ష. ఫంక్షన్ ఐడీని పెడితే, ఆ ఫంక్షన్ మెమరీలోంచి పోయాక అదే ఐడీ మరోదానికి రావచ్చు. ఒకరి జాతకం ఇంకొకరికి చదివినట్టవుతుంది. ఫంక్షన్‌నే మామూలు డిక్షనరీలో కీగా పెడితే, ఆ ఎంట్రీ తీసేసేదాకా అది మెమరీ వదలదు. వీక్‌రెఫ్ డిక్షనరీ ఉన్నది అందుకే. ఈ తేడా వివరించగలిగిన విద్యార్థికి ఇంకో సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇవన్నీ ఏఐ రాసేస్తుంది కదా అంటారు. రాస్తుంది. ఐడీని కీగా పెట్టిన కోడ్ కూడా చిన్న టెస్టుల్లో చక్కగా పాసవుతుంది. తప్పు పట్టాల్సింది మనిషే. ఫ్రెషర్లను ఇంత లోతుగా అడగరన్నదీ కొంత నిజమే, కానీ లోతు తెలిసినవాళ్లు తేలిక ప్రశ్నలకు తడబడరు. పైగా ఇలాంటి చదువు పాతబడదు. 2022 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.11 అధికారిక బెంచ్‌మార్కుల్లో సగటున 25 శాతం వేగం పుంజుకుంది. ఆ వేగానికి వాడిన పద్ధతుల్లో ఒకటైన ఇన్‌లైన్ క్యాషింగ్, 1984లో డాయిచ్, షిఫ్‌మన్ స్మాల్‌టాక్ కోసం రాసిన పేపర్‌లోనిదే.

అర్హతంటారా, చాలా కంపెనీలు బీటెక్, ఎంసీఏ అడుగుతాయి. బీఎస్సీ కంప్యూటర్స్‌కూ దారులున్నాయి. భయపడాల్సింది ప్లేస్‌మెంట్ గ్యారంటీ పేరుతో ముందే ఫీజు మొత్తం కట్టించుకునేవాళ్లకు, లేని ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమేలో పెట్టిస్తామనే కన్సల్టెన్సీలకు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం, డబ్బు, పేరు మూడూ పోతాయి. పోయేది పిల్లలకే, కన్సల్టెన్సీకి కాదు. పైథాన్ డాక్యుమెంటేషన్, సోర్స్ కోడ్ రెండూ ఉచితం. ఆర్నెల్లు వాటితో కుస్తీ పట్టనివ్వండి. ఆ ఆర్నెల్లూ ఫోన్ చేసినప్పుడల్లా ఎన్ని కోర్సులయ్యాయని మాత్రం అడగకండి.