హాస్టలు ఖాళీ అయ్యే నాడు

పరీక్షలు అయిపోయాయి. పిల్లలు ఇండ్లకు పోతున్నారు. హాస్టలు ముందు ఆటోలు నిలబడ్డాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక పెట్టె, భుజాన ఒక సంచి. బస్సులో అంతకన్నా ఎక్కువ పట్టదు. మిగిలిన సామాను గదిలోనే ఉండిపోతుంది.

ఏమేమి ఉండిపోతాయి? బకెటు, మగ్గు, పరుపు, దుప్పటి, చెప్పులు, సగం రాసిన నోటు పుస్తకాలు, లావు లావు పరీక్షల పుస్తకాలు. తెల్లారి గదులు ఊడుస్తారు. కొన్ని పాత సామాన్ల బండికి పోతాయి. కొన్ని చెత్తకుప్పకు పోతాయి.

మన పెద్దపల్లి జిల్లాలోనూ ఇంతే. సెంటినరీ కాలనీలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ ఉంది. పెద్దపల్లిలో, గోదావరిఖనిలో ఇంకా కాలేజీలు, హాస్టళ్లు ఉన్నాయి. ఎండకాలంలో హాస్టళ్లు ఖాళీ అవుతాయి. అదే ఎండకాలంలో మన ఇంట్లో అమ్మాయి పదో తరగతి పాసవుతుంది. ఇంటరు చదువుతా, ఎప్‌సెట్ రాస్తా అంటుంది. మనం ఎంసెట్ అనేవాళ్లమే, అదే పరీక్ష. ఆ పుస్తకాలు కొనాలంటే కూలి పైసలు చాలవు. అక్కడేమో అవే పుస్తకాలు కిలోల లెక్కన తూకానికి పోతాయి!

"మందివి తెచ్చుకుంటే నలుగురు నవ్వరా అక్కా?"

ఎందుకు నవ్వాలె? పాత చీరలు ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటాం. చినిగిన బట్టలతో బొంత కుడతాం. అప్పుడు ఎవరన్నా నవ్వారా? అమెరికాలో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 2011లో విద్యార్థులే ఈ పని మొదలుపెట్టారు. వెళ్లేవాళ్లు వదిలిన సామాను పోగు చేశారు. కొత్త పిల్లలు వచ్చాక తక్కువ ధరకు అమ్మారు.

మన దేశంలో గూంజ్ అనే సంస్థ ఉంది. 1999లో ఢిల్లీలో అన్షు గుప్తా దీన్ని మొదలుపెట్టారు. మొదట పోగు చేసినవి 67 బట్టలే. 2015లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. గూంజ్ పట్నంలో వద్దనుకున్న సామానును పల్లెలకు చేరుస్తుంది. కాని ఊరికే పంచదు. ఊరివాళ్లు కలిసి బావి తవ్వుతారు, దారి బాగు చేస్తారు. ఆ కష్టానికి బదులుగా బట్టలు, సామాను తీసుకుంటారు. తలవంచుకొని చెయ్యి చాపే పని లేదు. పాత నూలు బట్టలను శుభ్రం చేసి, ఆడవాళ్ల నెలసరికి మెత్తలు కూడా కుడతారు.

మన సంఘం కూడా ఈ పని చేయవచ్చు. పిల్లలు పోయాక అడిగితే లాభం లేదు. పది రోజుల ముందే అడగాలి. తెచ్చిన దుప్పట్లను వేడి నీళ్లలో ఉతకాలి. పరుపులో నల్లులు ఉన్నాయేమో అతుకుల దగ్గర చూడాలి. ఉంటే ఇంట్లోకి తేవద్దు. కరెంటు సామాను వైర్లు తెలిసినవాళ్లకు చూపించాకే వాడాలి. పుస్తకం మీద ఏ సంవత్సరం ఉందో చదవండి. పాఠాలు మారిపోయి ఉంటే ఆ పుస్తకం అక్కరకు రాదు.

వార్డెనుకు రాసే ఉత్తరం ఇది. పైకి చదవండి.

"గౌరవనీయులైన వార్డెను గారికి,
నమస్కారం. మీ హాస్టలు పిల్లలు ఈ నెలలో ఇండ్లకు పోతున్నారని తెలిసింది. వారు వద్దనుకున్న పుస్తకాలు, బకెట్లు, దుప్పట్లు మా సంఘానికి ఇప్పించగలరు. మేము గదుల్లోకి రాము. వరండాలో ఒక పెద్ద డబ్బా పెడితే చాలు. ఎవరికి ఏమి ఇచ్చామో రాసి మీకు చూపిస్తాం.
ఇట్లు,
మహిళా సంఘం సభ్యులు"

ఇప్పుడు మీ సంఘం పేరు, ఊరి పేరు, తేదీ వేసి ఈ ఉత్తరం మీరే రాయండి. కింద అందరూ సంతకం చేయండి.