ఆరంగ్ దాకా బాగానే ఉంటుంది: దూరపు సైకిల్ ప్రయాణానికి బట్టలు, బండి సిద్ధం చేసుకోవడం

రాయ్‌పూర్ నుంచి 53వ నంబరు జాతీయ రహదారి మీద తూర్పు దిక్కుగా సుమారు 36 కిలోమీటర్లు వెళితే ఆరంగ్ వస్తుంది. భాండ్ దేవల్ అనే పాత జైన ఆలయం ఉన్న ఊరు ఇది. ఊరు దాటిన కొద్దిసేపటికే మహానది వంతెన, ఆ తర్వాత పిథోరా వైపు దారి. పిథోరా దాకా వెళ్లి వెనక్కి వస్తే దాదాపు 200 కిలోమీటర్లు అవుతుంది. మొదటిసారి ఇంత దూరం తొక్కేవారికి ఆరంగ్ చేరేసరికి ఏ ఇబ్బందీ తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. సరిగా కుదరని సీటు, చెమట పట్టి ఒంటికి అంటుకున్న చొక్కా, కొద్దిగా గాలి తగ్గిన టైరు ఆరంగ్ లోపే తమ పని మొదలుపెడతాయి. బయటపడేది మాత్రం వంద కిలోమీటర్లు దాటాకే.

ఇలాంటి దూరపు ప్రయాణాల్లో ప్రపంచమంతటా పేరున్నవి బ్రెవేలు. పారిస్‌లోని ఒక సైకిల్ సంఘం రూపొందించిన నియమాలతో ఇవి జరుగుతాయి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. నిజానికి ఇవి పందాలు కావు, ఎవరు ముందు వచ్చారన్నది లెక్కలోకి రాదు. గడువు లోపల చేరితే చాలు. హైదరాబాద్ రాండోనర్స్ వంటి సంఘాలు మన దగ్గరా వీటిని నడుపుతున్నాయి.

గడువు చూస్తే తేలికగానే కనిపిస్తుంది. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పేవారు పది గంటల్లో 48,000 సార్లు తిప్పుతారు. ప్రతిసారీ తొడ సీటు అంచుకు ఒకసారి రాసుకుంటుంది. లోపలి గుడ్డకు కుట్టు ఉంటే ఆ కుట్టు కూడా అన్నిసార్లు చర్మాన్ని గీస్తుంది. తడిసిన చర్మానికి రాపిడి మరీ ఎక్కువ. అందుకే ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ కింద లోదుస్తులు వేసుకోకూడదని చెబుతారు. వినడానికి వింతగా ఉన్నా కారణం సూటిగానే ఉంది: గుడ్డకూ గుడ్డకూ మధ్య మరో పొర, మరికొన్ని కుట్లు ఎందుకు? ఒరుసుకునే చోట పెట్రోలియం జెల్లీ పలుచగా రాస్తే రాపిడి తగ్గుతుంది. ప్యాడ్ మందంగా ఉంటే మేలనుకోవడం పొరపాటు. మందపు ప్యాడ్ చెమటను పట్టి ఉంచి, నడిచేటప్పుడు ముడతలు పడుతుంది.

ఇక చెమట సంగతి. మనిషి కండరాలు ఆహారంలోని శక్తిలో నాలుగో వంతు, లేదా అంతకన్నా తక్కువ భాగాన్నే పెడల్‌కు అందిస్తాయి. మిగిలినదంతా వేడి. పెడల్ మీద 125 వాట్ల శక్తి చూపిస్తున్న మనిషి ఒంట్లో దాదాపు 400 వాట్ల వేడి పుడుతుంది, అంటే పాతకాలపు నూరు వాట్ల బల్బులు నాలుగు లోపల వెలుగుతున్నట్టు. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఆ లెక్కన వేడినంతా చెమటే మోయాల్సి వస్తే గంటకు 600 మిల్లీలీటర్లు ఆవిరి కావాలి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే, చెమట ఆవిరైతేనే చల్లదనం. నేల మీద కారిపోయిన చెమట వల్ల ఒంట్లో నీరూ ఉప్పూ పోవడమే తప్ప వేడి తగ్గదు.

నూలు చొక్కా నీటిని పీల్చి పట్టుకుంటుంది. పాలిస్టర్ దారం లోపలికి దాదాపు నీరు చేరదు. చెమట దారాల మధ్య సందుల్లో పాకి, పలుచగా పరుచుకుని త్వరగా ఆరుతుంది. కాబట్టి రోజంతా తొక్కేవారికి పాలిస్టర్ జెర్సీ నయం. అయితే వానాకాలపు ఉక్కపోతలో గాలే తేమతో నిండి ఉంటే ఏ గుడ్డా కాపాడలేదు, వేగం తగ్గించడమే దారి. మే నెలలో రాయ్‌పూర్ ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటుతుంటుంది. అప్పుడు గాలి చర్మం కంటే వేడిగా ఉంటుంది కనుక ఎదురుగాలి తనంతట తానుగా ఒంటిని చల్లబరచదు, పైగా వేడిని అందిస్తుంది, చల్లదనమంతా చెమట ఆవిరి కావడం వల్లే రావాలి. లేత రంగు పొడుగు చేతుల చొక్కా ఎండకు అడ్డుగా పనికొస్తుంది. మాట తడబడుతున్నా, తల తిరుగుతున్నా, చలి పుడుతున్నట్టు అనిపించినా వెంటనే ఆగి నీడకు చేరి ఒళ్లు తడపాలి. వడదెబ్బ ప్రాణం తీస్తుంది.

చలికాలం తెల్లవారుజామున పరిస్థితి తిరగబడుతుంది. మహానది వంతెన మీద చల్లగాలికి గంటకు 25 కిలోమీటర్ల సొంత వేగం తోడవుతుంది. తీసేసి జేబులో పెట్టుకోగల చేతి తొడుగులు, గాలిని ఆపే పలుచని కోటు సరిపోతాయి. కోటు వదులుగా రెపరెపలాడితే గాలి నిరోధం పెరుగుతుంది. పూర్వం సైకిల్ వీరులు కొండ దిగే ముందు చొక్కా కింద వార్తాపత్రిక దోపుకునేవారు. ఇప్పటికీ అది మంచి ఉపాయమే, ఖర్చూ లేదు.

బండి విషయంలో మొదట చూడాల్సింది రోడ్డు పక్కనే బాగుచేసుకోవడానికి వీలుందా అన్నదే. 1891లో జరిగిన మొదటి పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ టెరోన్ సుమారు 1,200 కిలోమీటర్లను 71 గంటల 22 నిమిషాల్లో ముగించి గెలిచాడు. ఆయన వాడినవి మిషెలిన్ కంపెనీ కొత్తగా తెచ్చిన, ఊడదీసి బిగించగల గాలి టైర్లు. అప్పట్లో టైరును చక్రానికి జిగురుతో అంటించేవారు, పంక్చర్ అయితే గంటలు పట్టేది. టెరోన్‌కూ పంక్చర్లు అయ్యాయి, కానీ త్వరగా సరిచేసుకోగలిగాడు.

మన రహదారుల మీద పంక్చర్లకు పెద్ద కారణం పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగలు. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో జాగ్రత్తగా తడిమి తీగను తీయకపోతే కొత్త ట్యూబూ పోతుంది. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, టైరు లీవర్లు, పంపు వెంట ఉండాలి. 28 మిల్లీమీటర్ల టైరు అయితే మామూలు బరువున్న మనిషికి వెనుక 80, ముందు 70 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. రాయిలా బిగిసిన టైరు వేగంగా పోతుందన్నది నున్నటి రోడ్డు మీదే నిజం. గతుకుల మీద అది సైకిల్‌నీ మనిషినీ ఎగరేస్తుంది, ఆ కుదుపుల్లో శక్తి వృథా అవుతుంది. చైన్‌కు నూనె వేశాక పైన మిగిలింది తుడిచేయాలి, లేకపోతే దుమ్ము అంటుకుని గరుకు ముద్దవుతుంది.

సీటు మీద కూర్చుని పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. చిటికెన వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున ఉన్న నరం హ్యాండిల్‌కు నలుగుతోందన్నమాట. చేతులు పెట్టే చోటు తరచూ మార్చాలి.

రాత్రి ప్రయాణానికి లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. ఆ మెరుపు పట్టీల్లోని సన్నని గాజు పూసలు పడిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. అందుకే లారీ డ్రైవరుకు అవి దూరం నుంచే కనిపిస్తాయి. ఇంకో సంగతి: పట్టీలు మడమల దగ్గర, మోకాళ్ల దగ్గర కూడా ఉంటే కదిలేది మనిషేనని డ్రైవరు మరింత ముందుగా పసిగడతాడని పరిశోధనలు చెబుతున్నాయి. పైకీ కిందికీ కదిలే రెండు చుక్కలను చూడగానే మెదడు కాళ్లుగా గుర్తిస్తుంది.

అసలు రోజున కొత్త వస్తువేదీ తొలిసారి వాడకూడదు. పూర్తి సామానుతో రాయ్‌పూర్ నుంచి ఆరంగ్ వెళ్లి తిరిగొస్తే 72 కిలోమీటర్ల పరీక్ష అయిపోతుంది. బయలుదేరే ముందు, వచ్చాక ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోవాలి. ఉదాహరణకు 70 కిలోల మనిషి మూడు గంటల్లో లీటరున్నర నీరు తాగి, మూత్రానికి ఆగకుండా, 68.8 కిలోలతో తిరిగొస్తే పోయిన చెమట 2.7 లీటర్లు, అంటే గంటకు 900 మిల్లీలీటర్లు. సీసాలు ఎన్ని కట్టుకోవాలో, ఎక్కడెక్కడ నింపుకోవాలో ఆ అంకెతో తేలుతుంది. చొక్కా మీద తెల్లటి చారలు మిగిలితే ఉప్పు బాగా పోతున్నట్టు. స్నానం చేసేటప్పుడు చర్మం ఎక్కడ చురుక్కుమందో గుర్తు పెట్టుకుంటే, జెల్లీ రాయాల్సిన చోటూ తెలుస్తుంది.