మొదటి కుర్చీ సైకిల్ కొనేవాళ్లకు ఒక ఫిట్టర్ మాటలు

చిట్కుల్‌లో పొద్దున అయిదున్నరకే రోడ్డు మేలుకుంటుంది. పొద్దుటి షిఫ్టుకు మనుషుల్ని తీసుకుపోయే కంపెనీ బస్సులు, రాత్రి షిఫ్టు దిగి నిద్రమొహాలతో బైకుల మీద ఇంటికి పోయే పిల్లలు, పాశమైలారం వైపు మలిగే లారీలు. వాటి పక్కన నేను వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి సైకిల్ తొక్కుతూ పోతుంటాను. దీని అసలు పేరు రికంబెంట్. మా వీధి పిల్లలు కుర్చీ సైకిల్ అన్నారు, అదే నిలిచిపోయింది.

ఈ బెల్టులో ముప్పై ఏళ్లు ఫిట్టర్ పని చేశాను. నడుములో డిస్కు జరిగాక మామూలు సైకిల్ మీద పది నిమిషాలు కూర్చోలేని పరిస్థితి వచ్చింది. సైకిల్ మానెయ్యమన్నారు అందరూ. చిన్నప్పుడు కాంచీ తొక్కిన రోజు నుంచి వదలనివాణ్ణి, మానలేకపోయాను. డాక్టరును అడిగి, ఆయన సరేనన్నాకే ఈ బండికి మారాను. ఏడేళ్లయింది. ఇప్పుడు ఎవరో ఒకరు ఆపి, “కాకా, ఇసొంటిది నేను గూడ కొందామనుకుంటున్న, ఏది మంచిది?” అని అడుగుతూనే ఉంటారు. రోడ్డు మీద నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

1. బండ్ల బొమ్మలు చూడకముందే మీ కాలు కొలుచుకోండి.

మామూలు సైకిల్‌కు సీటు పైకో కిందికో జరిపితే సరిపోతుంది. దీనికి పెడళ్లున్న ముందు గొట్టాన్ని జరపాలి, లేదా సీటునే ముందుకూ వెనక్కూ జరపాలి. ఆ జరుగుడు కొన్ని బండ్లలో చాలా తక్కువ. అందుకని ఇలా చేయండి. నేల మీద గోడకు వీపు, నడుము ఆనించి కూర్చోండి. కాళ్లు బారజాపి పాదాలు నిలువుగా పెట్టండి. గోడ నుంచి మడమ దాకా టేపు పెట్టి ఎన్నంగుళాలో రాసుకోండి. అమ్మేవాళ్లు మీ ఎత్తు అడుగుతారు. ఎత్తు ఒక్కటే చాలదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి మొండెం పొడుగు. మా తమ్ముడిదీ నాదీ ఒకటే ఎత్తు. గోడకు కూర్చొని కొలిస్తే రెండంగుళాల తేడా వచ్చింది. వాడు నా బండి తీసుకుపోయి రెండు కిలోమీటర్లు తిరిగొచ్చి, మోకాలి వెనక నరం గుంజుతున్నదన్నాడు. పెడల్ దూరమైతే నొప్పి మోకాలి వెనక వస్తుంది, దగ్గరైతే చిప్ప ముందు వస్తుంది. పెడల్ పూర్తిగా ముందుకు పోయినప్పుడు మోకాలు కొంచెం వంగే ఉండాలి.

2. సీటు ఎత్తును లారీ క్యాబిన్‌లో కూర్చొని నిర్ణయించుకోండి.

వీటిలో రెండు చక్రాలవీ ఉన్నాయి, మూడు చక్రాలవీ ఉన్నాయి. మూడింటిలో ముందు రెండు, వెనక ఒకటి ఉంటే టాడ్‌పోల్ అంటారు. ముందు ఒకటి, వెనక రెండు ఉంటే డెల్టా. మన రిక్షా ఉన్న తీరే. వీడియోలు చూసినవాళ్లందరికీ మనసు టాడ్‌పోల్ మీద పడుతుంది. నాకూ పడింది. నేలకు జానెడో జానెడున్నరో ఎత్తులో సీటు, పడిపోయే భయం లేదు, ఆగినప్పుడు కాలు దించే పని లేదు, మలుపులో నేలకు అతుక్కుపోయినట్టు తిరుగుతుంది.

నా మనసు మార్చింది మా ఊరి పెద్దాయన ఒకరు. పోలియోతో చిన్నప్పుడే కాళ్లు పోయాయి. అలిమ్కో బండి మీద, అదే చేతులతో తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బండి మీద, ఏళ్ల తరబడి ఇస్నాపూర్ దాకా పోయి వస్తున్నాడు. అలిమ్కో అంటే కేంద్ర ప్రభుత్వం 1972లో కాన్పూర్‌లో పెట్టిన సంస్థ. దాని బండ్లు చూడని ఊరు మన దగ్గర తక్కువ. కూర్చొని, కింది నుంచి రోడ్డును చూస్తూ బతకడం ఆయనకు తెలిసినంతగా నాకు తెలిసిన ఎవరికీ తెలియదు. ఫోన్‌లో టాడ్‌పోల్ బొమ్మ చూపించాను. చాలాసేపు చూశాడు.

“గింత కిందికి గూసుంటె డ్రైవర్‌కు కానరావు తమ్మీ. ఇంత ఎత్తుల ఉన్న నేనే కానరాను. వాని కండ్లు నా కండ్లు కలిసినంకనే నేను ముందటికి వోత” అన్నాడు.

మర్నాడు ఆగి ఉన్న ఒక లారీ డ్రైవరును అడిగి క్యాబిన్ ఎక్కాను. తాళంచెవి నా చేతిలో పెట్టుకొని, మనవణ్ణి బంపర్ ముందు గొంతుకూర్చోమన్నాను. కనిపించలేదు. ఒకడుగు, ఇంకో అడుగు వెనక్కి జరగమన్నాను. గొంతు వినిపిస్తున్నది, పిల్లాడు లేడు. లేచి నిలబడ్డాక వాడి తల పైభాగం అద్దం అంచున తేలింది. క్యాబిన్ దిగేసరికి నా చేతులు చల్లబడ్డాయి. టాడ్‌పోల్ ఆలోచన అక్కడే వదిలేశాను.

ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి గానీ, ఫ్యాక్టరీ గేట్ల ముందు రోడ్లు గానీ మీ రోజువారీ దారి అయితే, ఇంట్లో కుర్చీ ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తున సీటున్న బండినే మొదట తీసుకోండి. రెండు చక్రాలదైతే కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలి. మోకాళ్లు బాగాలేని వాళ్లకు డెల్టా మంచిది; కుర్చీలోంచి లేచినట్టు లేవొచ్చు. టాడ్‌పోల్‌లోంచి లేవడమంటే నేల మీంచి లేవడమే. అయితే డెల్టాను వేగంగా మలిపితే లోపలి చక్రం లేస్తుంది, మలుపుకు ముందే బ్రేకు వేయాలి. ఏది కొన్నా వెనక పొడుగు కర్రకు జెండా, పగలు కూడా వెలిగే ఎర్ర లైటు, రెండు వైపులా అద్దాలు తప్పనిసరి. ఈ సీటులో మెడ తిప్పి వెనక్కి చూడటం కుదరదు. నేను తీసుకున్నది ముందు చక్రం చిన్నది, వెనకది పెద్దది ఉన్న రెండు చక్రాల బండి. అలిమ్కో పెద్దాయన చెప్పిన మాట దాని మీద కూర్చున్న ప్రతిసారీ పాటిస్తున్నాను.

3. పందేల్లో లేదు కాబట్టి నాసిరకం అనుకోకండి.

“ఇంత మంచిదైతే అంగట్ల ఎందుకు లేదు?” అని అడుగుతారు. దానికి తొంభై ఏళ్ల కిందటి జవాబుంది. ఫ్రాన్స్‌లో షార్ల్ మోషే అనే ఆయన కొడుకు కోసం నాలుగు చక్రాల పెడల్ బండి చేశాడు. అక్కడి నుంచి మెల్లగా రెండు చక్రాల వాలు సైకిల్ దాకా వచ్చాడు. 1933 జులై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ దాని మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డును దాటేశాడు. మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇలాంటివి పందేనికి పనికిరావని నిబంధన పెట్టింది. పందెం లేనిచోట పెద్ద కంపెనీలు రావు, కంపెనీలు రానిచోట అంగడి ఉండదు. నాకు ఇది అన్యాయమనే అనిపిస్తుంది. దీన్ని లోపమున్న బండి అని ఎవరన్నా ఒప్పుకోను.

4. వెల్డింగ్ షెడ్డులో చేయించుకోవాలనే ఆశ మీకూ పుడుతుంది. తొందరపడొద్దు.

విదేశీ బండి ధరకు రవాణా, కస్టమ్స్ కలిపితే లక్షల్లోకి పోతుంది. మన చుట్టూ చూస్తే లేతులు, వెల్డింగ్ సెట్లు, చేయి తిరిగిన మనుషులు. నాకూ అదే ధైర్యం. తెలిసిన షెడ్డులో పాత సైకిల్ గొట్టాలతో ఫ్రేమ్ చేయించాను. డ్రాయింగ్ నాదే, తప్పూ నాదే. మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు తడిగుడ్డతో తుడుస్తుంటే ముందు గొట్టం అతుకు దగ్గర పెయింటు మీద వెంట్రుకంత గోధుమరంగు గీత కనిపించింది. మట్టి అనుకొని గోరుతో గీకాను, పోలేదు. లోపల ఇనుము చిట్లి, ఆ చిట్లులోంచి తుప్పు పైకి పాకింది. ఇంకో వారం తొక్కి ఉంటే పెడళ్లతో సహా ఆ గొట్టం రోడ్డు మీద ఉండేది.

మామూలు సైకిల్‌లో ఎక్కువగా మన బరువే పెడల్ మీద పడుతుంది. ఇక్కడ వీపును సీటుకు తన్నిపెట్టి కాలితో నెడతాం, ఒంటి బరువును మించిన బలం కూడా పెట్టొచ్చు. ప్రతి తొక్కుడుకూ ఆ గొట్టం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెలిపడుతుంది. అతుకు మీద అతుకు వేసిన పాత గొట్టం దానికి ఆగదు. చేయించుకోవాల్సిందే అయితే కొత్త అతుకులేని గొట్టం తీసుకోండి, ఇలాంటి బండి ముందే చేసి నడిపించిన మనిషితోనే చేయించుకోండి. వారానికోసారి తడిగుడ్డతో అతుకులన్నీ తుడవండి. పాత బండి కొనేటప్పుడు కూడా ముందు చూడాల్సింది అదే, రంగు కాదు.

5. టైరు మీద అంకె చదవడం నేర్చుకోండి.

20 అంగుళాల టైరు అంటే ఒకటే సైజు కాదు. టైరు పక్కన చిన్న అచ్చుల్లో 406 అని ఉంటే అది పిల్లల సైకిళ్లకు వచ్చేది, పటాన్‌చెరులో ఏ సైకిల్ షాపులోనైనా అడగొచ్చు. 451 అని ఉంటే అది వేరే రిమ్ము; టైరు ఎక్కదు, ఎక్కించాలని గుంజితే ట్యూబు పోతుంది. 26లోనూ ఇదే తంటా, 559 వేరు, 590 వేరు. మొదటి బండి 406, 559 రిమ్ములతో ఉంటే వానాకాలంలో కూడా మీరు ఇల్లు చేరతారు. చైను మామూలు దానికి రెండింతలు, మూడింతలు పొడుగుంటుంది. రెండు మూడు చైన్లు కలిపి వేసేదే కాబట్టి దానికి భయపడనక్కర్లేదు.

6. గుంతలో లేవలేరు, ఎక్కుడులో నిలబడలేరు.

నడుము నొప్పితో ఈ బండికి వచ్చేవాళ్లు ఇది బాగా వినాలి. మామూలు సైకిల్ మీద గుంత రాగానే సీటు మీంచి కొంచెం లేస్తాం. ఇక్కడ లేవలేం, దెబ్బంతా వెన్నుకే. లారీలు తిరిగే మన రోడ్లకు సన్న టైర్లు వద్దు. లావు టైరు, కాస్త తక్కువ గాలి, వెనక చక్రానికి స్ప్రింగు ఉంటే ఇంకా మంచిది. స్పీడ్ బ్రేకర్ దగ్గర నడిచినంత నెమ్మదిగా పోండి. ఎక్కుడు మీద నిలబడి తొక్కే వీలు లేదు కనుక బాగా చిన్న గేరు ఉండాలి; గట్టి గేరు పట్టి నెట్టారంటే మోకాళ్లు పోతాయి. తేలిక గేరులో కాళ్లు చకచకా తిరగాలి.

7. పాదం జారకూడదు.

మూడు చక్రాల బండి మీద పాదం పెడల్ మీంచి జారి నేలను తాకితే, బండి ముందుకు పోతూనే ఉంటుంది, కాలు కిందికి మడతపడుతుంది. మడమను పట్టి ఉంచే పట్టీ లేకుండా బజారుకు కూడా పోవద్దు. చెప్పులతో అసలే వద్దు.

8. అరగంట కూర్చోకుండా డబ్బు ఇవ్వకండి.

అయిదు నిమిషాల్లో ప్రతి బండీ హాయిగానే ఉంటుంది. ఇరవై నిమిషాలు దాటాక పాదాల వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, పిరుదు మొద్దుబారుతున్నదా, మెడ పీకుతున్నదా అని తెలుస్తుంది. సీటు మరీ వాలితే మెడ బరువు మీరే మోయాలి. మొదటి బండికి వాలు తక్కువే మేలు. వీపుకు ఫోమ్ కంటే జాలీ గుడ్డ సీటు వంద రెట్లు నయం, మేలో తెలుస్తుంది. ఇంటి తలుపు కూడా కొలవండి. రెండున్నర అడుగుల తలుపులోంచి కొన్ని మూడు చక్రాల బండ్లు రావు. లక్ష పెట్టి కొన్నది వాకిట్లో వానకు తడిస్తే ప్రాణం ఒప్పదు.

9. వెంచర్లలో నేర్చుకోండి.

మన చుట్టూ ప్లాట్లు చేసి, తారు వేసి, ఇల్లు ఒక్కటీ లేవని వెంచర్లు ఎన్ని! అంతకంటే మంచి బడి దొరకదు. కొంచెం దిగుడు ఉన్నచోట, చిన్న గేరులో మొదలుపెట్టండి. భుజాలు సీటుకు ఆనించి, హ్యాండిల్ వదులుగా పట్టి, దూరంగా చూడండి. హ్యాండిల్ బిగబట్టినంతసేపూ బండి పాములా పోతుంది. నాకు నాలుగు రోజులు పట్టింది, చిన్నప్పటి నుంచీ ఉన్న సైకిల్ అలవాటు అడ్డం వచ్చింది. మా మనవడికి ఒక పూట చాలింది. కుక్కలు వస్తాయి, వాటి మూతి మీకు బాగా దగ్గరగా ఉంటుంది; పారిపోకండి, ఆగి గట్టిగా మాట్లాడండి.

చేయి కుదిరాక ఒక ట్రాలీ ఆటోలో బండి వేసుకొని కొల్లూరు పోండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకులో కొల్లూరు నుంచి నార్సింగి దాకా 14.5 కిలోమీటర్లు వస్తుంది. పైన సోలార్ పలకల కప్పు. వాలి కూర్చొని తొక్కేవాడికి ఎండ నేరుగా మొహం మీదే పడుతుంది, ఆ నీడ విలువ మామూలు సైకిల్ వాళ్లకంటే మనకే ఎక్కువ తెలుస్తుంది. లారీ లేదు, హారన్ లేదు. మొదటిసారి అక్కడ తొక్కినప్పుడు నా చైను చప్పుడు నాకే వినిపించింది.

10. నన్ను అడగాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున ఆరింటికి చిట్కుల్‌కు రండి.

నా బండి మీద కూర్చోవచ్చు, తొక్కొచ్చు, పడిపోకుండా పక్కన నేనుంటాను. అలిమ్కో పెద్దాయన కూడా ఆ వేళకు వచ్చి వేపచెట్టు కింద ఆగుతాడు, ఆయనను తప్పకుండా అడగండి. లేసులున్న బూట్లు వేసుకొని రండి. టేపు నా దగ్గరుంది.